తిరిగే గెలాక్సీలు – హైదరాబాదులో వేసిన లెక్కలు

ఉగాది నాడు ఏ దేశంలో ఉన్నా తెలుగువాళ్ళం రెండు పనులు మానుకోం. ఒకటి పచ్చడి తినడం, రెండోది పంచాంగం వినడం. ఆ పంచాంగంలోని అయిదు అంగాలలో వారం ఒక్కటి తీసేస్తే, తిథి, నక్షత్రం, యోగం, కరణం నాలుగూ సూర్యచంద్రుల నడకను బట్టి లెక్క కట్టినవే. అంటే మన సంవత్సరాది ఆకాశంలోని తిరుగుళ్ళ లెక్కతోనే మొదలవుతుందన్నమాట.

మనం బతుకుతెరువుకు వచ్చిన ఈ కువైట్ నేలకూ ఆకాశంతో పాత చుట్టరికమే ఉంది. మనం అగస్త్య నక్షత్రం అని పిలిచేదాన్ని ఇక్కడివారు సుహైల్ అంటారు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున అది దక్షిణాన కనిపిస్తే చాలు, ఎండ తీవ్రత తగ్గే రోజులు వస్తున్నాయని గల్ఫ్ ప్రజలు ఊపిరి పీల్చుకుంటారు. మన కృత్తిక వారికి సురయ్యా. మన రోహిణి వారికి అల్ దబరాన్. కువైట్ ఇళ్ళలో, కార్యాలయాలలో వాడే ప్రసిద్ధమైన క్యాలెండరు వెనుక సాలెహ్ అల్ ఉజైరీ అనే ఖగోళవేత్త జీవితకాలపు శ్రమ ఉంది. 1920లో పుట్టి 2022లో కన్నుమూసిన ఆ పెద్దాయనను కువైట్ ప్రజలు ఎంతో గౌరవించారు.

భూమి తిరుగుతుందని, చంద్రుడు తిరుగుతాడని చిన్నప్పుడే చదువుకున్నాం. మన సూర్యుడు కూడా ఊరికే నిలబడి లేడు. గ్రహాలన్నిటినీ వెంటబెట్టుకుని పాలపుంత కేంద్రం చుట్టూ సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. ఒక్క చుట్టు పూర్తి కావడానికి 22 నుంచి 25 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పాలపుంత వంటి నక్షత్రాల మహాసమూహాలనే గెలాక్సీలు అంటున్నాం.

మరి గెలాక్సీలన్నీ ఒకే తీరుగా తిరుగుతాయా? బరువైనది వేగంగా తిరుగుతుందా, తేలికైనదా? అప్పడంలా పల్చగా పరచుకున్న గెలాక్సీకీ, లడ్డూలా గుండ్రంగా ఉన్న గెలాక్సీకీ తిరుగుడులో తేడా ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు వెదికిన వందేళ్ళ చరిత్రలో మన హైదరాబాదుకూ ఒక పుట ఉంది. ఆ పుట మన పిల్లల పాఠ్యపుస్తకాలలో కనిపించదు. పండుగ పూట దాన్ని ఒకసారి తిరగేద్దాం.

మబ్బు తునక నుంచి మహాద్వీపం దాకా

కథ మొదలైంది మనకు ఎంతో దూరాన కాదు. ఈ గల్ఫ్ సముద్రానికి ఆవలి ఒడ్డున, పర్షియాలోని ఇస్ఫహాన్ నగరంలో, అబ్దుల్ రహ్మాన్ అల్ సూఫీ అనే పండితుడు 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల గురించి అరబ్బీలో ఒక గ్రంథం రాశాడు. అందులో ఆండ్రోమెడా నక్షత్రరాశి దగ్గర కనిపించే ఒక చిన్న మబ్బు వంటి మచ్చను గుర్తించి చెప్పాడు. మనకు తెలిసినంతలో పాలపుంతకు ఆవల ఉన్న ఒక పెద్ద గెలాక్సీ గురించి లిఖితంగా దొరికిన తొలి ప్రస్తావన అదే. ఆండ్రోమెడాను మన పుస్తకాలలో దేవయాని అని కూడా అంటారు.

ఆ మబ్బు ఏమిటో తేలడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని లొవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి మబ్బుల వెలుగును పట్టకంతో విడదీసి ఫోటోలు తీశాడు. వెలుగును అలా విడదీస్తే ఏం తెలుస్తుంది? ఫహాహీల్ రోడ్డు మీద అంబులెన్సు మన వైపు వస్తున్నప్పుడు దాని కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం అందరికీ అనుభవమే. వెలుగు విషయంలోనూ అంతే. మన వైపు వచ్చే వస్తువు వెలుగు నీలం వైపుకు, దూరమయ్యే వస్తువు వెలుగు ఎరుపు వైపుకు కొద్దిగా జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఆండ్రోమెడా సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోందని స్లైఫర్ 1913లో ప్రకటించాడు. 1914లో ఇంకో విచిత్రం చెప్పాడు. కన్యారాశిలో పక్కకు తిరిగి కనిపించే ఒక మబ్బు ఫోటోలో వర్ణపటపు గీతలు నిటారుగా లేవు, ఏటవాలుగా ఉన్నాయి. అంటే ఒక అంచు మన వైపు వస్తోంది, రెండో అంచు దూరంగా పోతోంది. ఇంకేముంది, అది తిరుగుతోంది! ఆ గెలాక్సీనే ఇప్పుడు సాంబ్రెరో అంటున్నారు. గెలాక్సీ తిరుగుడును మనిషి కొలిచిన తొలి సందర్భాలలో ఇదొకటి.

ఆ తరువాత మౌంట్ విల్సన్ వేధశాలలో ఫ్రాన్సిస్ పీస్ ఆండ్రోమెడా తిరుగుడును కొలిచి 1918లో ప్రచురించాడు. అప్పటి ఫోటో పలకలు ఎంత మందకొడివంటే, ఒక్కొక్క పలకను పలు రాత్రులు కలిపి 75 గంటలకు పైగా ఆ మబ్బు వెలుగుకు చూపించవలసి వచ్చింది.

ఆ కొలతను ఎస్తోనియా దేశస్థుడు ఎర్నెస్ట్ ఓపిక్ ఎంతో తెలివిగా వాడుకున్నాడు. ఆయన ఆలోచన ఇది. గెలాక్సీ చెదిరిపోకుండా తిరుగుతోందంటే దాని తిరుగుడును పట్టి ఉంచేంత ఆకర్షణ, అంటే అంత బరువు, లోపల ఉండాలి. బరువు తెలిస్తే అందులోని నక్షత్రాలు ఎంత వెలుగు ఇవ్వాలో మన పరిసరాల నక్షత్రాలను బట్టి అంచనా వేయవచ్చు. అంత వెలుగు మనకు ఇంత మసకగా కనిపించాలంటే అది ఎంత దూరాన ఉండాలో లెక్కకు వస్తుంది. 1922లో ఆయన చెప్పిన దూరం సుమారు 15 లక్షల కాంతి సంవత్సరాలు. ఇప్పటి కొలత 25 లక్షలు. ఆ కాలానికి ఇది చాలా దగ్గరి లెక్కే. ఆండ్రోమెడా మన పాలపుంతలోని మబ్బు కాదని, వేరే నక్షత్ర మహాద్వీపమని ఎడ్విన్ హబుల్ పరిశీలనలతో 1925లో లోకానికి రూఢి అయింది. తిరుగుడుకూ, బరువుకూ, వెలుగుకూ ముడి వేయవచ్చునన్న మాట మాత్రం అంతకు మూడేళ్ళ ముందే ఓపిక్ లెక్కలో ఉంది.

1926లో హబుల్ గెలాక్సీలను వాటి రూపాన్ని బట్టి తరగతులుగా విడదీశాడు. చేతులు చాచి తిరిగే చక్రం వంటివి సర్పిలాలు. ఏ చేతులూ లేక, గుండ్రంగానో కోడిగుడ్డులా కోలగానో ఉండేవి దీర్ఘవృత్తాకారాలు. వీటిని మనం సులువుగా చక్రాలు, లడ్డూలు అనుకుందాం. కోలగా ఉన్న లడ్డూలు కూడా తిరుగుడు వల్లనే నడుమున ఉబ్బి పైనా కిందా అణిగాయని అప్పట్లో చాలామంది నమ్మారు. భూమి కూడా తన తిరుగుడు వల్ల ధ్రువాల దగ్గర కొద్దిగా అణిగి ఉంది కదా! ఆ నమ్మకం అర్ధ శతాబ్దం నిలిచింది. అది ఎలా చెదిరిందో చెప్పే ముందు మనం హైదరాబాదు వెళ్ళి రావాలి.

నవాబు గారి దూరదర్శిని

హైదరాబాదు సంస్థానంలో నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువుకు ఆకాశం అంటే మక్కువ. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పాడు. ఆరవ నిజాము అనుమతితో దానికి నిజామియా వేధశాల అని పేరు పెట్టాడు. 1907లో నవాబు మరణించాక, 1908లో అది సంస్థాన ప్రభుత్వం చేతికి వచ్చింది. డైరెక్టరుగా వచ్చిన చాట్‌వుడ్ హయాంలో వేధశాల బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది.

ఆ రోజుల్లో ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి పుస్తకాలుగా అచ్చు వేసే మహత్కార్యం తలపెట్టాయి. ఆకాశాన్ని పట్టీలుగా చేసి పంచుకున్నాయి. హైదరాబాదు వంతుకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయలేకపోయిన భాగంలో ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదే తలకెత్తుకుంది. ఆండ్రోమెడా గెలాక్సీ సరిగ్గా ఈ పట్టీకి కాస్త పైన, 41 డిగ్రీల వద్ద ఉంటుంది. చాట్‌వుడ్ తరువాత పోకాక్, 1918లో పోకాక్ మరణించాక టి.పి. భాస్కరన్ ఈ పనిని నడిపించారు. మొత్తం 12 సంపుటాలలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి. కంప్యూటరు అన్న మాట లేని రోజుల్లో, గాజు పలక మీది ఒక్కొక్క చుక్కనూ సూక్ష్మదర్శినిలో చూసి కొలిచి రాసిన లెక్కలవి.

ఇంత చాకిరీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒక నక్షత్రం కదిలిందని తెలియాలంటే పాత స్థానం రాసి పెట్టి ఉండాలి. దాదాపు వందేళ్ళ తరువాత హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతలను ఈ పాత పట్టికలతో పోల్చి, 2000లో టైకో-2 అనే మహా పట్టికను తయారు చేశారు. 25 లక్షల నక్షత్రాలు ఏ దిక్కున ఎంతెంత కదులుతున్నాయో అందులో తేలింది. పాలపుంత తిరుగుడును కొలవడానికి ఇటువంటి కదలికలే ఆధారం. 1927లో హాలండుకు చెందిన యాన్ ఊర్ట్ నక్షత్రాల కదలికలను చూసే మన గెలాక్సీ తిరుగుతోందని నిరూపించాడు. బేగంపేటలో కూర్చుని చుక్కలు కొలిచినవారి శ్రమ అలా ఒక శతాబ్దం దాటి అక్కరకు వచ్చింది.

ఈ వేధశాల ఆవరణలోనే ఒక ఉద్యోగి కొడుకు ఆకాశాన్ని చూడడం నేర్చుకున్నాడు. ఆయనే తరువాతి కాలంలో కావలూరు వేధశాలను నెలకొల్పిన వైను బప్పు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడైన తొలి భారతీయుడు.

1959లో ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది. 1964లో విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. నగరం పెరిగి బేగంపేట ఆకాశం దీపాల వెలుగుతో, దుమ్ముతో నిండిపోవడంతో, ఊరికి దూరంగా జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పారు. అక్బర్ అలీ గారు మొదలుపెట్టిన ఆ ప్రయత్నాన్ని కె.డి. అభ్యంకర్ గారు పూర్తి చేశారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు.

అల్లాదీన్ గారి లెక్క

ఈ కేంద్రంలోనే డాక్టర్ సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ గారు పనిచేశారు. 1931లో పుట్టిన ఆయన అమెరికా వెళ్ళి, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వంటి మహామహులు ఉన్న చికాగో విశ్వవిద్యాలయంలో 1963లో డాక్టరేటు పొందారు. అక్కడే ఉండిపోకుండా హైదరాబాదు తిరిగి వచ్చి ఉస్మానియాలోనే బోధించారు, ఆ కేంద్రానికి డైరెక్టరుగానూ పనిచేశారు. 2011లో కాలం చేశారు. ఆయన ఎంచుకున్న ప్రశ్న వినడానికి చాలా సులువు: రెండు గెలాక్సీలు ఎదురుబడితే ఏమవుతుంది?

నక్షత్రాలు ఢీకొని పేలిపోతాయని మనకు తోస్తుంది. నిజానికి అలా జరగదు. సూర్యుణ్ణి ఒక సెంటీమీటరు శనగగింజ అనుకుని హైదరాబాదులో పెడితే, సూర్యునికి అతి సమీప నక్షత్రం విజయవాడ దాటాక పెట్టిన ఇంకో గింజ అవుతుంది. అంత ఖాళీ ఉన్నప్పుడు గింజకు గింజ తగలడం ఎక్కడి మాట! కాబట్టి రెండు గెలాక్సీలు ఒకదానిలో నుంచి ఒకటి దూసుకుపోతాయని, నక్షత్రాలకు పెద్దగా ఏమీ కాదని 1950లలో చాలామంది అనుకున్నారు. స్వీడన్‌కు చెందిన ఎరిక్ హోంబర్గ్ ఒక్కడు అంతకు ముందే, 1941లో, 74 విద్యుద్దీపాలను రెండు గెలాక్సీలుగా పేర్చి, ఆకర్షణకు బదులు వెలుగును కొలిచి, దగ్గరగా వచ్చినప్పుడు గెలాక్సీల రూపం మారుతుందని, అవి ఒకదాన్నొకటి పట్టుకోవచ్చునని చూపించాడు. ఆ ప్రయోగాన్ని చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

అల్లాదీన్ గారు దీన్ని గణితంతో పట్టుకున్నారు. 1965లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రం మీద ఆయన వ్యాసం వెలువడింది. నక్షత్రాలు ఒకదానికొకటి తగలకపోయినా, గెలాక్సీ మొత్తం ఆకర్షణ ఎదుటి గెలాక్సీలోని ప్రతి నక్షత్రాన్నీ ఒక కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపుకు కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? గెలాక్సీలు రెండూ పోతున్న వేగంలో నుంచే. అంటే ప్రతి కలయికకూ ప్రయాణ వేగంలో కొంత సుంకం కట్టవలసిందే. ఆ సుంకం చిన్నది కాదని, ఒక్కొక్కసారి గెలాక్సీని కట్టి ఉంచే శక్తితో సమానంగా ఉంటుందని లెక్క తేల్చింది.

ఇందులో ముఖ్యమైన కిటుకు వేగం. పెళ్ళిపందిట్లో నుంచి పరుగున దాటిపోయే మనిషిని ఎవరూ ఆపలేరు. నెమ్మదిగా నడుస్తూ అందరినీ పలకరించుకుంటూ పోయేవాడు మాత్రం చివరికి భోజనాల బంతిలో కూర్చోక తప్పదు. గెలాక్సీలూ అంతే. మహావేగంతో దాటిపోయేవి కొద్దిపాటి కుదుపుతో బయటపడతాయి. నెమ్మదిగా వచ్చినవి వేగం కోల్పోయి, వెనక్కి తిరిగి, చివరికి ఒకటైపోతాయి. ఆయన, శాస్త్రి గారు, తదితర సహచరులు ఉస్మానియాలో ఈ లెక్కలను కొనసాగించారు. ఎంత వేగానికి ఏ గెలాక్సీ చెదురుతుంది, ఏది కలిసిపోతుంది, పల్చటి చక్రానికీ గోళానికీ తేడా ఏమిటి అని ఒక్కొక్కటే విడదీసి చూశారు. 1982లో అల్లాదీన్, నరసింహన్ గార్లు కలిసి రాసిన సమీక్షా వ్యాసం ఫిజిక్స్ రిపోర్ట్స్ అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చింది.

ఇదే సమయంలో అమెరికాలో ఆలార్ టూమ్రి, యూరి టూమ్రి సోదరులు 1972లో కంప్యూటరుతో బొమ్మలు గీసి, గెలాక్సీలకు కనిపించే పొడవాటి తోకలు ఇటువంటి కలయికల ఫలితమేనని చూపించారు. 1977లో ఆలార్ టూమ్రి ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు చక్రాలు కలిస్తే ఒక లడ్డూ తయారవుతుందని ప్రతిపాదించాడు. లోకానికి ఆ బొమ్మలే ఎక్కువ గుర్తున్నాయి. సమీకరణాలకు బొమ్మలకున్న ఆకర్షణ ఉండదు. కానీ కలయిక సాధ్యమేనని, అది ఎప్పుడు సాధ్యమో కాగితం మీద ముందుగా తేల్చినవారిలో మన హైదరాబాదువారు ఉన్నారని గుర్తు పెట్టుకోవడం మన ధర్మం.

తిరుగుడు, బరువు, రూపం

ఇప్పుడు లడ్డూల సంగతికి వద్దాం. 1975లో ఇటలీకి చెందిన బెర్తోలా, కపచ్యోలి అనే ఇద్దరు ఒక కోలపాటి గెలాక్సీ తిరుగుడును కొలిచారు. అంత అణిగి ఉండాలంటే తిరగవలసిన వేగం కన్నా అది ఎంతో నెమ్మదిగా తిరుగుతోంది! 1977లో ఇలింగ్‌వర్త్ మరికొన్నిటిని కొలిచి అదే మాట చెప్పాడు. యాభై ఏళ్ళ నమ్మకం అలా చెదిరింది. పెద్ద లడ్డూలలో నక్షత్రాలు వరుసగా ఒకే దిక్కున తిరగవు. తేనెపట్టు చుట్టూ ముసిరే ఈగల్లా తలో దిక్కుకు పోతుంటాయి. ఆ గెలాక్సీకి కోల ఆకారం ఇచ్చేది తిరుగుడు కాదు, ఈ కలగాపులగపు కదలికే.

చక్రాల సంగతి వేరు. వాటిలో బరువుకూ వేగానికీ గట్టి ముడి ఉందని 1977లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ చూపించారు. తిరుగుడు వేగం రెండింతలైతే గెలాక్సీ వెలుగు, ఏ రంగులో కొలిచామన్నదాన్ని బట్టి, సుమారు 8 నుంచి 16 రెట్లు పెరుగుతుంది. వెలుగు నక్షత్రాల బరువుకు గుర్తు కనుక, బరువైన చక్రమే వేగంగా తిరుగుతుందన్నమాట. ఓపిక్ 1922లో పట్టుకున్న కొస ఇక్కడ తాడైంది. గెలాక్సీల దూరం కొలవడానికి ఈ సూత్రాన్ని శాస్త్రజ్ఞులు నేటికీ వాడుతున్నారు.

అంతకు ముందే, 1970లో, వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాను కొలిచి, కేంద్రానికి ఎంత దూరం పోయినా తిరుగుడు వేగం తగ్గడం లేదని చూశారు. కంటికి కనిపించే నక్షత్రాల బరువు దానికి చాలదు. కనిపించని పదార్థమేదో గెలాక్సీని చుట్టి ఉందన్న భావన ఇటువంటి కొలతలతో బలపడింది. దాన్నే కృష్ణ పదార్థం అంటున్నాం. అది ఏమిటో నేటికీ తేలలేదు.

బరువు, వేగం, కేంద్రం నుంచి దూరం ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేదాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటారు. తిరునాళ్ళలో రంగులరాట్నాన్ని ఆపడం ఎంత కష్టమో చెప్పే కొలత అనుకోండి. 1983లో మైకేల్ ఫాల్ ఈ కొలతను గెలాక్సీలకు వేసి చూశాడు. ఒక ముక్కకు ఇంత అని సగటున పంచి చూస్తే, బరువైన గెలాక్సీకి ఈ తిరుగుడు ఆస్తి ఎక్కువ. అయితే చక్రాలూ లడ్డూలూ ఒకే గీత మీద లేవు. రెండు సమాంతర గీతల మీద ఉన్నాయి. 2012లో రొమనోవ్‌స్కీ, ఫాల్ సుమారు 100 గెలాక్సీలతో మళ్ళీ లెక్క వేస్తే, నక్షత్రాల బరువు సమానమైనప్పుడు లడ్డూకు ఉన్న తిరుగుడు చక్రానికి ఉన్నదానిలో మూడో వంతో నాలుగో వంతో అని తేలింది. అంటే బరువు ఒక్కటి చెబితే తిరుగుడు తెలియదు. రూపం ఒక్కటి చెప్పినా తెలియదు. రెండూ కలిపి చెబితే తిరుగుడు దాదాపుగా చెప్పవచ్చు.

ఈ ఆస్తి మొదట ఎలా వచ్చింది? గెలాక్సీలు ఇంకా రూపు దిద్దుకోని తొలి రోజుల్లో పక్కపక్కనున్న పదార్థపు ముద్దలు ఒకదాన్నొకటి ఒరిపిడిగా లాగి తిప్పాయని ఫ్రెడ్ హోయిల్ 1949లో సూచించాడు. జేమ్స్ పీబుల్స్ 1969లో దానికి లెక్క కట్టాడు. మరి లడ్డూలు ఆ ఆస్తిని ఎలా పోగొట్టుకున్నాయి? ఇక్కడే కలయికల కథ మళ్ళీ వస్తుంది. రెండు చక్రాలు వేర్వేరు దిక్కులకు తిరుగుతూ వచ్చి కలిస్తే, ఒకదాని తిరుగుడు రెండోదాన్ని కొంత రద్దు చేస్తుంది. మిగిలినదానిలో చాలా భాగం అంచులకు, కృష్ణ పదార్థానికి చేరుతుంది. నడుమ మిగిలేది కలగాపులగం. కలిసేవాటిలో వాయువు సమృద్ధిగా ఉంటే మాత్రం అది చల్లబడి మళ్ళీ పల్చటి చక్రంగా పరచుకోవచ్చు.

2011లో వెలువడిన అట్లాస్-3డి పరిశోధనలో చేతులు లేని గెలాక్సీలు 260 తీసుకుని, ప్రతిదానిలోనూ చోటు చోటునా వేగం కొలిచారు. పైకి ఒకేలా కనిపించిన వాటిలో 86 శాతం క్రమంగా, చక్రంలాగే తిరుగుతున్నాయి. 14 శాతం మాత్రమే నిజమైన మందగమనులు. ఆ మందగమనులలో అత్యంత బరువైనవే ఎక్కువ. అనేక కలయికలు చూసిన పెద్దలవి. తరువాత ఆస్ట్రేలియాలో సామీ, అమెరికాలో మాంగా అనే పరిశీలనలు వేల గెలాక్సీలకు ఇదే పని చేశాయి. మాంగా ఒక్కటే 2020 నాటికి సుమారు 10 వేల గెలాక్సీలను కొలిచింది. హబుల్ గీసిన తరగతుల గీతలు అలాగే ఉన్నాయి గానీ, ఇప్పుడు కంటికి కనిపించే రూపంతో పాటు తిరుగుడును కూడా చూస్తున్నారు.

ఇంకో సంగతి. 1980లో ఆలన్ డ్రెస్లర్ గెలాక్సీలు కిక్కిరిసిన సమూహాల నడుమ లడ్డూల వంటివే ఎక్కువని, చక్రాలు విశాలమైన శివార్లలో ఉంటాయని చూపించాడు. అయితే ఆ మహాసమూహాల నడుమ గెలాక్సీలు అతి వేగంగా పోతుంటాయి, అక్కడ కలయిక కష్టం. నెమ్మదిగా నడిచే చిన్న చిన్న గుంపులలోనే అది సులువు. వేగంగా పోయేవాడు ఆగడు, నెమ్మదిగా వచ్చేవాడు కలుస్తాడు అన్న అల్లాదీన్ గారి లెక్క ఇక్కడ కూడా దారి చూపుతుంది.

మన పాలపుంత మాటేమిటి?

స్లైఫర్ చూసినట్టు ఆండ్రోమెడా మన వైపు వస్తూనే ఉంది. సుమారు 400 కోట్ల సంవత్సరాల తరువాత అది పాలపుంతతో తప్పక ఢీకొంటుందని 2012లో హబుల్ దూరదర్శిని కొలతలను బట్టి చెప్పారు. 2025లో ప్రచురితమైన కొత్త లెక్క అంత నిశ్చయంగా లేదు. రాబోయే 1000 కోట్ల సంవత్సరాలలో కలయిక జరిగేందుకు అవకాశం సగానికి సగమేనని అది అంటోంది. పక్కనున్న చిన్న గెలాక్సీల ఆకర్షణ కూడా ఈ వ్యవహారంలో వేలు పెడుతోంది మరి. కలిస్తే మన చక్రం లడ్డూ కావచ్చు. కలవకపోతే ఇలాగే తిరుగుతూ ఉండవచ్చు. ఏదైనా మన ఉగాదులకు వచ్చిన ముప్పేమీ లేదు!

గెలాక్సీ రూపం దాని గత చరిత్ర. ఒంటరిగా పెరిగిందా, ఎవరితో కలిసింది, ఆ కలయిక ఎంత నెమ్మదిగా జరిగింది అన్నవన్నీ దాని తిరుగుడులో రాసి ఉంటాయి. ఆ రాత చదవడం నేర్చుకున్నవారిలో ఇస్ఫహాన్ పండితుడు ఉన్నాడు, ఆరిజోనా శాస్త్రజ్ఞుడు ఉన్నాడు, ఉస్మానియా ఆచార్యుడూ ఉన్నాడు. చదువుకోసం విదేశం వెళ్ళి, నేర్చుకున్నది తెచ్చి సొంత ఊళ్ళో విద్యార్థులకు పంచిన అల్లాదీన్ గారి వంటివారి పేర్లు మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత. హబుల్ పేరు, వెరా రూబిన్ పేరు వారికి బడిలో ఎలాగూ తెలుస్తాయి. ఈ పేరు మనమే చెప్పాలి. సెలవులకు హైదరాబాదు వెళ్ళినప్పుడు బేగంపేట మీదుగా పోతుంటే, ఒకప్పుడు ఇక్కడి నుంచి ఏడున్నర లక్షల నక్షత్రాలు కొలిచారర్రా అని ఒక్క మాట చెప్పండి.

ఇక్కడ కువైట్‌లోనూ ఒక పని చేయవచ్చు. నవంబరులో ఎడారి గుడారాల కాలం మొదలయ్యాక, నగరం దీపాలకు దూరంగా వెళ్ళి, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు తల పైకెత్తండి. ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా ఉండే అయిదు చుక్కలకు దక్షిణంగా, దాదాపు నడినెత్తిన, మసక మబ్బు తునక ఒకటి కనిపిస్తుంది. మామూలు బైనాక్యులర్స్ ఉంటే మరీ మంచిది. అల్ సూఫీ చూసిన మబ్బు అదే. 25 లక్షల సంవత్సరాల కిందట బయలుదేరిన ఆ వెలుగు పిల్లల కళ్ళలో పడుతుంటే, అది తిరుగుతోందని, ఎందుకు తిరుగుతోందో తెలుసుకోవడంలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉందని చెప్పండి.